పటేల్ కారు క్లచ్‌లోకి గాలి ఎక్కడిది?

హైడ్రాలిక్ క్లచ్ గురించి కుర్రాళ్లెవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఒకటే. గాలి దానంతట అది లోపలికి రాదు. వాషర్ అరిగి ఉండాలి, పైపు చిట్లి ఉండాలి, జాయింటు వదులై ఉండాలి. ఎక్కడో ఒక దారి ఉంటుంది. ఆ దారి పట్టుకోవడమే మన పని. ఇన్నేళ్లూ నేను చేసిందీ అదే. అయితే ఆ దారి దొరక్క పిచ్చెక్కి, తీరా దొరికాక నా కళ్లను నేనే నమ్మలేక, చేతిలో అన్నం డబ్బాతో గుమ్మంలో నిలబడిపోయిన రోజు ఒకటుంది. ఆ సంగతి చెబుతాను.

డెబ్బైల మొదట్లో మాట. పటాన్‌చెరు అప్పటికింకా ఊరే. బొంబాయి రోడ్డు పక్కన ఫ్యాక్టరీల గోడలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. గోడకీ గోడకీ మధ్య జొన్నచేలు. మా బావకు రామచంద్రాపురం దగ్గర ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం. ఆయన క్వార్టర్స్‌లో ఉంటూ నేనూ ఆ కర్మాగారంలోనే దూరిపోదామని తెనాలి నుంచి ఫిట్టర్ సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చాను. ఆ గేటు నాకు తెరుచుకోలేదు. పటాన్‌చెరులో ఒక రేకుల షెడ్డు తలుపు తెరిచి ఉంది. నిజానికి దానికి తలుపే లేదు.

షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. సంగారెడ్డి పక్క రైతుల ఇంటివాడు. నాగలి వదిలి బస్సు డిపోలో చేరి, ఇంజిన్లూ ఉర్దూ ఒకేసారి నేర్చుకున్నాడు. ఇంజిను శబ్దం విని జబ్బు చెప్పేవాడు. కోపం వస్తే మాత్రం చెయ్యి ముందు, మాట తరువాత. నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. "ఏం తెనాలీ" అనేవాడు. నాతో పాటు ఒక వెల్డర్ ఉండేవాడు, బొంతపల్లి వాడు. పని మొదలుపెట్టక ముందే "అయిపోయిందనుకోరాదె" అనే రకం. మా ముగ్గురితోనే ఆ షెడ్డు నడిచేది.

ఒకరోజు పొద్దున ఒక పాత అద్దె కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. డ్రైవర్ దిగి వెనక తలుపు తీశాడు. ముందు ఒక కర్ర బయటికి వచ్చింది, తరువాత ఒక బూటు, ఆ తరువాత మనిషి. నలభై ఏళ్లుంటాయి. తెల్లటి ధోవతి, తీర్చిన మీసం. భానూరు దాటాక వాళ్ల ఊరు. తాతల కాలం నుంచి భూములున్న ఇల్లు. అందరూ పటేల్ అనేవాళ్లు. ట్రాక్టర్ బోల్తాపడి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. బొంబాయిలో చేయించుకున్న కాలు తోలు పట్టీలతో తొడకు బిగించుకుని నడిచేవాడు.

వచ్చీ రాగానే నిలబడే అడిగాడు.

"ఉస్తాద్, నాకు ఎడమకాలు లేదు. కుడికాలు ఉన్నది, రెండు చేతులున్నయి. నా బండి నేనే నడుపుకోవాలె. చేస్తవా, చెయ్యవా?"

"జేస్త పటేలా. గని జెర టైం ఇయ్యాలె."

"బొంతపల్లి వీరభద్రుని జాతరకు నా బండి నేనే నడుపుకుంట పోతనని ఊర్ల అందరి ముంగట చెప్పిన. మా ఇంటామెను పక్కన కూసోవెట్టుకోని పోవాలె. గప్పటి దాంక టైం."

ఉస్తాద్ తల ఊపాడు. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపు ఒకటి షెడ్డు వెనక పడి ఉంది. దాని ఇంజినూ ఛాసీ తీసుకుని, తుక్కులోకి వెళ్లిన ఒక కారు బాడీ దాని మీద ఎక్కించాలని నిర్ణయమైంది. ఇప్పటి కుర్రాళ్లు ఇలాంటివాటికి బొమ్మలు గీసి, కంప్యూటర్లో తిప్పి చూస్తారట. ఉస్తాద్ నేల మీద బొగ్గుతో గీశాడు. సాయంత్రానికి వెల్డర్ దాని మీదుగా నడిచి సగం చెరిపేశాడు. అయినా కారు తయారైంది.

అసలు చిక్కు క్లచ్ దగ్గర వచ్చింది. ఎడమకాలు లేని మనిషికి క్లచ్ చేత్తో పట్టాలి. స్టీరింగ్ కింద కుడిచేతి వేళ్లకు అందేలా పొడవాటి ఇనుప పిడి పెట్టాం. దాన్ని ఒంటికేసి లాగితే క్లచ్ విడిపోవాలి, అంటే ఇంజిను చక్రాలను వదలాలి, అప్పుడే గేరు పడుతుంది. మొదట కమ్మీలతో కలిపి చూశాం. ఉస్తాద్ అంతటివాడు రెండు చేతులతో గుంజినా కష్టమయింది. అప్పుడు అనుకున్నాం, బ్రేకులకు వాడినట్టు ఆయిల్ పెడదామని. పిడి దగ్గర ఒక చిన్న సిలిండరు, కింద గేర్ బాక్స్ పక్కన ఇంకో సిలిండరు, రెండింటినీ కలుపుతూ ఒక పైపు. పైన పిడి లాగితే ఆయిల్ ఒత్తిడికి కిందిది క్లచ్‌ను తోస్తుంది. ఆయిల్ నిండుగా ఉన్నంతసేపూ ఆడపిల్ల కూడా ఒక చేత్తో లాగగలదు. లోపల కాస్త గాలి చేరిందా, పిడి వట్టిగా చేతిలోకి వచ్చేస్తుంది, క్లచ్ మాత్రం విడిపోదు. ఆ గాలి తీయడానికి కింది సిలిండరుకు ఒక చిన్న నిప్పల్ ఉంటుంది. దాన్ని పానాతో వదులు చేసి, గాలి పోయాక బిగిస్తాం.

మొదటిసారి పెట్టినప్పుడు పని చేయలేదు. విప్పి చూస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి పూరీల్లా ఉన్నాయి. ఉస్తాద్ ఆయిల్ వేలికి రాసుకుని వాసన చూశాడు.

"దీన్ల ఏం వోసిండ్రు?"

వెల్డర్ పక్కకు చూశాడు. "ఆయిలే గదనే పోసిన."

"ఏం ఆయిల్?"

"గా జాక్‌ల పోసే ఆయిల్."

"అరె, రబ్బరు నాశనమైతది గదరా! బ్రేక్ ఆయిల్ పొయ్యమంటే జాక్ ఆయిల్ పోస్తవా?" అని ఉస్తాద్ చెయ్యి ఎత్తాడు. వెల్డర్ అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు.

అన్నీ కడిగి, కొత్త వాషర్లు వేశాం. బండి వేడెక్కగానే పిడి మెత్తబడటం మొదలైంది. పైపు సైలెన్సరు పక్కగా పోతోందని నేను పట్టుకుని దూరంగా మార్చాను. ఆ రోజు క్లచ్ అద్భుతంగా పని చేసింది. రోజూ అద్దె కారులో పటేల్‌ను తెచ్చే ఆయన సొంత డ్రైవరే కూర్చుని, చేతి క్లచ్‌తో కారును షెడ్డు చుట్టూ తిప్పి తెచ్చాడు. అతనిది చాలా ఏళ్ల అనుభవం. పటేల్‌కు కాలు పోయినప్పుడు మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా అతనేనట. కారు తయారైతే తన అవసరం తీరిపోతుందని అతనికి తెలుసు. అయినా దిగుతూ ముఖమంతా నవ్వుతో అన్నాడు.

"వెన్న లెక్కున్నది పటేలా. రా, కూసో. నువ్వే తిప్పు."

పటేల్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, "రేపు" అన్నాడు.

మరునాడు పిడి లాగితే చేతిలోకి వట్టిగా వచ్చేసింది.

కింద చూస్తే ఆయిల్ చుక్క లేదు. జాయింట్లు పొడిగా ఉన్నాయి. గాలి తీశాను, బాగైంది. పటేల్ వచ్చాడు, డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు, చెయ్యి అలవాటు కావాలని పిడి లాగుతూ వదులుతూ ఉన్నాడు. మేము అన్నానికి వెళ్లి వచ్చాం. సాయంత్రం రోడ్డు మీదికి తీద్దామంటే మళ్లీ గాలి. పై సిలిండరు మార్చాం. కింది సిలిండరు మార్చాం. పైపు మొత్తం కొత్తది వేశాం. ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు చచ్చిపోతుంది. జాతర దగ్గరికి వచ్చేస్తోంది. ఉస్తాద్ నిద్ర మానేశాడు. నాకు కలలో కూడా బుడగలే.

పటేల్ మాత్రం మమ్మల్ని ఒక్క మాట అనేవాడు కాదు. "మిషిన్ గదా, దాని బుద్ధి దానిది. ఏంజేస్తం" అని మాకు చాయ్ తెప్పించేవాడు. ఇంత మంచి యజమానికి ఇంత దరిద్రపు క్లచ్ దొరికిందే అని మేమే బాధపడేవాళ్లం.

చివరికి నాకొక ఆలోచన వచ్చింది. లోపలి భాగాలన్నీ కొత్తవే అయినప్పుడు మిగిలిన దారి ఆ నిప్పల్ ఒక్కటే. అది దానంతట వదులవుతోందేమో చూద్దామని గట్టిగా బిగించి, నిప్పల్‌కూ సిలిండరుకూ కలిపి ఎర్ర రంగుతో సన్నటి గీత గీశాను. నిప్పల్ వెంట్రుకవాసి తిరిగినా గీత విరుగుతుంది. ఆ సంగతి ఉస్తాద్‌కు ఒక్కడికే చెప్పాను.

మరునాడు మధ్యాహ్నం మేము తిండి తిని వచ్చాక, ఉస్తాద్ కారు స్టార్టు చేయమన్నాడు. డ్రైవర్ కూర్చున్నాడు. పటేల్ షెడ్డు నీడలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. వెల్డర్ ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాడు. ఇంజిను అందుకుంది. వెల్డర్ హ్యాండిల్ బయటికి లాగుతున్నాడు. డ్రైవర్ పిడి లాగి గేరు తోశాడు. పొద్దున బాగా పని చేసిన క్లచ్ అది, అతను ఎందుకు అనుమానిస్తాడు? గేర్లు కర్రుమని అరిచాయి, పడ్డాయి, కారు ఒక్క గెంతు గెంతింది.

వెల్డర్ పక్కకు దూకాడు గాని చెయ్యి దూకలేదు. బంపరుకూ ఇనుప కమ్మీల కుప్పకూ మధ్య అతని ముంజేయి నలిగింది. ఇంజిను ఆగిపోయింది. ఆ తరువాత వినబడిన అరుపు గురించి రాయలేను. కారు వెనక్కి తోసి చెయ్యి తీసినప్పుడు, ఉండకూడని చోట ఒక మలుపు ఉంది.

వెల్డర్‌ను ఆటోలో ఆసుపత్రికి పంపించి, నేను కారు కింద దూరాను. ఎర్ర గీత విరిగి ఉంది. రెండు ముక్కలూ ఎదురెదురుగా కూడా లేవు. ఎవరో పానా పెట్టి తిప్పారు.

"ఉస్తాద్, ఇది వదులవ్వలేదు. ఎవరో విప్పారు" అన్నాను.

ఉస్తాద్ ముఖం నల్లబడింది. ఒక్క అంగలో వెళ్లి డ్రైవర్ చొక్కా పట్టుకుని చెంప మీద కొట్టాడు. షెడ్డు పక్క చాయ్ హోటల్లో ఉన్నవాళ్లంతా లేచి వచ్చారు.

"కొలువు పోతదని గిట్ల జేస్తవారా? మనిషి సస్తుండె గద!"

డ్రైవర్ చెంప మీద చెయ్యి వేసుకోలేదు. ఉస్తాద్ వైపు చూడలేదు కూడా. పటేల్ వైపు తిరిగాడు.

"నేను ముట్టలే పటేలా. నా బిడ్డ మీద ఒట్టు. నేను గట్ల చేసేటోన్నా? నువ్వన్న జెప్పు."

అందరం పటేల్ వైపు చూశాం. పటేల్ కర్ర పిడి మీద రెండు చేతులూ పెట్టుకుని నేల చూస్తున్నాడు. తలెత్తకుండానే, "నాకేం ఎరుక" అన్నాడు.

డ్రైవర్ తల మీది రుమాలు తీసి దులుపుకుని, భుజాన వేసుకుని, జనం మధ్యలోంచి నడిచి వెళ్లిపోయాడు. అతని వెనక ఎవరో "దొంగ" అన్నారు. అతని నడక ఒక్క క్షణం ఆగింది, మళ్లీ సాగింది.

అంతటితో కథ తీరిపోయిందనుకున్నాం. పటేల్ రావడం మానేశాడు. క్లచ్ రోజూ బంగారంలా పని చేసింది. ఉస్తాద్ పొద్దున రాగానే పిడి లాగి, "సూసినవా తెనాలీ, దొంగ పోంగనే బండి బాగైంది" అనేవాడు. వెల్డర్ కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడదీసుకుని వచ్చి, చేయడానికి పనేమీ లేక మా పనికి వంకలు పెడుతూ కూర్చునేవాడు.

జాతరకు ఇంకా కొద్ది రోజులున్నాయనగా ఉస్తాద్ కబురు పెట్టాడు, బండి తయారు, వచ్చి తీసుకుపొమ్మని. పటేల్‌కు తమ్ముడు వరసయ్యే ఒకాయన మోటారు సైకిలు మీద తెచ్చి దింపి వెళ్లాడు. పటేల్ చిక్కిపోయి ఉన్నాడు. పిడి లాగి చూశాడు. గట్టిగా, నిండుగా ఉంది.

"మంచిగైంది" అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు. నాకు అప్పుడు తట్టలేదు. "జెర సేపు చెయ్యి అలవాటు చేసుకుంట. మీరు పోయి తిని రాండ్రి."

తిని వచ్చాం. ఉస్తాద్ కిటికీలోంచి చెయ్యి పెట్టి పిడి లాగాడు. పిడి గాలిలో లాగినట్టు వచ్చి స్టీరింగ్‌కు తగిలింది.

ఉస్తాద్ ఇంకోసారి లాగాడు. ఇంకోసారి. తరువాత తన కుడిచేతిని తిప్పి అరచేయి చూసుకున్నాడు. ఆ చేత్తోనే డ్రైవర్‌ను కొట్టింది.

"గాడు లేడు గద తెనాలీ" అన్నాడు మెల్లగా. "గాడు లేకుంటనే అయింది గద."

పటేల్ అప్పుడు కారులోంచి దిగి నీళ్ల కుండ దగ్గర ఉన్నాడు. "మల్ల పోయిందా?" అన్నాడు తిరగకుండానే. "రేపొస్త. సూడుండ్రి."

ఆ సాయంత్రమే గాలి తీసి, మళ్లీ ఎర్ర గీత గీశాను. ఉస్తాద్ చాయ్ తాగలేదు. వెల్డర్ కూడా మా పనికి వంకలు పెట్టలేదు. నాకు ఒక అనుమానం వచ్చిందా అంటే, రాలేదు. వచ్చేది కాదు. తన కారు కోసం అంత ఆత్రపడిన మనిషి మీదికి ఎవరి ఆలోచన పోతుంది?

మరునాడు పటేల్ వచ్చాడు. మమ్మల్ని తినడానికి పంపాడు. నేను చాయ్ హోటల్ దాకా వెళ్లి, డబ్బా విప్పి, ఊరగాయ పొట్లం షెడ్డులో మరిచిపోయానని డబ్బా చేత పట్టుకునే వెనక్కి వచ్చాను. మా అక్క పెట్టిన ఊరగాయ వదిలి తినడం నా వల్ల కాదు. అంతకుమించి ఏ తెలివీ లేదు అందులో.

కారు ముందు తలుపు తెరిచి ఉంది. డ్రైవర్ సీటు ముందు గేర్ బాక్స్ మీద కప్పే రేకు మేమింకా బోల్టులతో బిగించలేదు, రోజూ విప్పాల్సి వస్తోందని. ఆ రేకు పక్కకు జరిపి ఉంది. పటేల్ సీట్లో కూర్చుని, ఎడమ వైపు వంగి, ఎడమచేత్తో ఆ సందులోకి పానా పెట్టాడు. నిప్పల్ కింద గుడ్డ కట్టి ఉంది, చుక్క కింద పడకుండా. పానా ఒకసారి తిప్పాడు. కుడిచేత్తో పిడి లాగాడు, వదిలాడు. వదిలినప్పుడు లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు నాకు గుమ్మం దాకా వినిపించింది. పని తెలిసినవాడి చెయ్యి అది. రోజూ నేను గాలి తీస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. నేను చేసేదాన్నే తిరగేసి చేస్తున్నాడు.

నిప్పల్ బిగించి, పానా గుడ్డతో తుడిచి, ధోవతి పైకి తీసి, కాలును తొడకు బిగించే తోలు పట్టీలో దోపుకున్నాడు. అప్పుడు తలెత్తాడు. నన్ను చూశాడు.

దొంగను పట్టుకున్నవాడు అరవాలి కదా. ఎవరి సొత్తు పోయిందని అరవను? కారు ఆయనది, క్లచ్ ఆయనది, గాలి కూడా ఆయనదే.

"ఏమండీ..." అన్నాను చివరికి. "మీరేనా?"

ఆయన సీటు మీద వెనక్కి వాలిపోయాడు. కళ్లు మూసుకున్నాడు. చెంపల మీదుగా చెమట కారుతోంది.

"కూసో" అన్నాడు.

నేను కూర్చోలేదు. ఈలోగా నేను రాలేదని ఉస్తాద్ వచ్చాడు, వెనక వెల్డర్. జరిపి ఉన్న రేకు చూశారు, గుడ్డ చూశారు, పటేల్ ముఖం చూశారు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఉస్తాద్ పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

"ఎందుకు పటేలా?" అన్నాడు. "నీ బండికి నువ్వే... ఎందుకు?"

పటేల్ పిడి వైపు చూస్తూ చెప్పాడు. "ఆనాడు చెరువు కట్ట దిగుతున్న. ట్రాక్టర్ జోరు ఎక్కుతున్నది. ఆగుతదేమోనని క్లచ్ తొక్కిన. తొక్కంగనే బండి నన్ను ఇడిసిపెట్టినట్టయింది. ఇగ నా చేతుల లేదు. కళ్లెం తెగిన గుర్రమోలె ఉరికి బోల్తవడ్డది. గీ పిడి గుంజినప్పుడల్ల నా పానం గట్లనే జారుతది. మొదటిరోజు మా డ్రైవర్ 'రా, కూసో' అన్నడు సూడు, గప్పుడే నాకు ఎరుకైంది, నాతోని కాదని. ఊర్ల అందరి ముంగట చెప్పిన. భయమైతున్నదని ఎట్ల చెప్పుదు? బండి మంచిగ లేదంటే ఎవరేమంటరు?"

"మరి వాన్ని నేను కొట్టినప్పుడు?" ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. "వాడు నీ దిక్కే సూసిండు గద!"

పటేల్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

నాకు ఆ రోజు అన్నిటికంటే దిగ్భ్రమ కలిగించింది పానా కాదు, గుడ్డ కాదు. నాకు ఆయన మీద కోపం రాకపోవడం. ట్రాక్టర్ కింద నలిగిన మనిషి భయం నాకు అర్థమైంది. అర్థమైనందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, ఎందుకంటే ఎదురుగా వెల్డర్ విరిగిన చేత్తో నిలబడి ఉన్నాడు.

వెల్డరే మాట్లాడాడు. ఎప్పుడూ ఎకసెక్కాలాడేవాడు, ఆ రోజు గొంతులో అది లేదు.

"నా చెయ్యి అతుక్కుంటది పటేలా. నాకేం చెప్పకు. గా హోటల్ కాడ నలుగురి ముంగట వాన్ని దొంగన్నరు. ఆడనే చెప్పాలె. నలుగురి ముంగటనే."

పటేల్ కర్ర అందుకుని దిగాడు. "పిలిపియ్యి" అన్నాడు.

డ్రైవర్ దూరం పోలేదు. ఇటుకల లారీ మీద కుదిరాడు, రోజూ మా రోడ్డు మీదే తిరిగేవాడు, మా షెడ్డు వైపు మాత్రం తల తిప్పేవాడు కాదు. సాయంకాలం లారీ వస్తుంటే ఉస్తాద్ రోడ్డు మధ్యకు వెళ్లి రెండు చేతులూ చాపి ఆపాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు. డ్రైవర్ లారీ పక్కకు తీసి దిగి వచ్చాడు.

చాయ్ హోటల్ ముందు జనం ఉన్నారు. డ్యూటీ దిగిన ఫ్యాక్టరీ వాళ్లు, బస్సు కోసం ఉన్నవాళ్లు. పటేల్ వాళ్ల మధ్యకు నడిచాడు. పుట్టి బుద్ధెరిగిన తరువాత ఆయన అంతమంది ముందు తల దించుకుని ఎరగడు.

"ఆనాడు క్లచ్ల గాలి వెట్టింది వీడు గాదు" అన్నాడు గట్టిగా. "నేనే వెట్టిన. బండి నడుపనీకి నాకు భయమై వెట్టిన. వీన్ని కొడుతుంటే నోరు మూసుకున్న. దొంగను నేను."

చాయ్ గ్లాసులు కడిగే చప్పుడు కూడా ఆగిపోయింది. పటేల్ ఇంటివాళ్లు ఇలా మాట్లాడటం అక్కడ ఎవరూ వినలేదు.

ఉస్తాద్ డ్రైవర్ చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకున్నాడు. "కొట్టు భాయ్" అన్నాడు. డ్రైవర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు కొట్టిన దెబ్బ ఆనాడే మానింది ఉస్తాద్." తరువాత పటేల్ వైపు తిరిగాడు. "పటేలా, నీకు కాలు వోతే బొంబాయిల దొరికింది. నాకు ఇజ్జత్ వోయింది. నా బిడ్డ అడిగింది, నాయినా, నిజంగనే చేసినవా అని. దానికి ఏ దవాఖానల దొరుకుతది మందు?"

"మల్ల రా" అన్నాడు పటేల్. "ఇంటికి రా."

"రాను."

అని వెళ్లి హోటల్ బల్ల మీద వీపు తిప్పుకుని కూర్చున్నాడు. చాయ్ చెప్పాడు.

పటేల్ నా దగ్గరికి వచ్చాడు. పట్టీలోంచి పానా తీసి నా చేతిలో పెట్టాడు. "గాలి తియ్యి. రేకు బిగించు, బోల్టులన్నీ" అన్నాడు. నేను గాలి తీశాను. ఒక బోల్టు రెండుసార్లు జారింది. బిగించాను. ఆయన వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. మోటారు సైకిలు వచ్చేదాకా ఉంటాడేమో అనుకున్నాం. ఆయన ఇంజిను స్టార్టు చేయమన్నాడు.

"నేను పక్కన కూసుంట" అన్నాడు ఉస్తాద్, తలుపు పట్టుకుని.

"ఒద్దు."

పిడి లాగాడు. పెదవులు తెల్లబడ్డాయి. గేరు వేశాడు. పిడి వదిలాడు, కారు రెండు గెంతులు గెంతి, జనం పక్కకు పరిగెత్తుతుంటే రోడ్డెక్కింది. భానూరు వైపు తిరిగింది. మేమంతా రోడ్డు మీదికి వచ్చాం.

కారు ఫస్ట్ గేర్లోనే పోతోంది. ఆయనకు ఇంకోసారి పిడి లాగే ధైర్యం లేదని అందరికీ తెలుస్తోంది. ఇంజిను గొంతు చించుకుంటోంది. దూరం పోయేకొద్దీ అరుపు పెరుగుతోందే గాని తగ్గడం లేదు. ఉస్తాద్ చెవులు మూసుకున్నాడు. అలాగే ఊరిదాకా పోతే ఇంజిను వేడెక్కి పట్టేస్తుంది.

బల్ల మీద గ్లాసు పెట్టిన చప్పుడు వినిపించింది. డ్రైవర్ లేచాడు. ముందు నడిచాడు, తరువాత పరిగెత్తాడు. ఆ వేగంలో పోయే కారును మనిషి అందుకోగలడు. దాని వెనకే పరిగెత్తుతూ, రుమాలు ఊపుతూ, రోడ్డంతా వినబడేలా అరిచాడు.

"సెకండ్ ఎయ్ పటేలా! పిడి గుంజి సెకండ్ ఎయ్! ఏం గాదు, గుంజు!"

ఇంజిను అరుపు తెగిపోయింది. పిడి లాగాడన్నమాట. ఇంజిను పట్టు లేకుండా కారు ఒట్టిగా జారుతున్న ఆ కాస్త సేపూ రోడ్డు మీద ఎవరం ఊపిరి తీసుకోలేదు. తరువాత గేరు పడింది. ఇంజిను తగ్గు గొంతుతో అందుకుంది. కారు వేగం పుంజుకుని చింతచెట్ల మలుపు తిరిగింది.

డ్రైవర్ రొప్పుతూ వెనక్కి వచ్చాడు. ఉస్తాద్ అతని ముఖంలోకి చూసి ఆశగా అడిగాడు. "పోతవా మల్ల ఆయన తాన్కి?"

"నేనెందుకు పోత? సచ్చినా పోను" అన్నాడు డ్రైవర్. అన్నట్టే పోలేదు కూడా. గ్లాసు తీసుకుని, మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, లారీ వైపు నడుస్తూ అన్నాడు. "ఇంజిను ఏం పాపం జేసిందే?"